ఒక దిక్కే వినబడే ఫోను

పోయిన వారం సాలమ్మను కోదాడ బస్సు దింపి, సూర్యాపేట బస్టాండు ముందర మండుటెండలో నిలబెట్టి, మన దారిన మనం వచ్చేశాం. తప్పే. అయినా ఆమె అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు లెండి, నిలబడే రకం కాదు. కొంగు నెత్తిన కప్పుకుని, పళ్ళు బిగించి, నేరుగా ప్రేమ్‌కుమార్ సెల్ దుకాణం దిక్కు నడిచింది.

ఈ వారమే కథ అందుకున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఆత్మకూరు (ఎస్) దగ్గరి పల్లె సాలమ్మది. పెనిమిటి ఎల్లయ్యకు గొర్రెల మంద ఉంది. వరి కోతలు కాగానే మందను తోలుకుని మిర్యాలగూడ కాలువ కింది పొలాలకు పోతాడు. కోసిన మళ్ళలో మంద పెట్టించుకుంటే నేలకు ఎరువని అక్కడి రైతులు పిలుస్తారు. ఆ ఊరి నుంచి ఈ ఊరికి తిరిగి తిరిగి, తొలకరి పడితే గాని ఇల్లు చేరడు. పిల్లాజెల్లా లేని ఇల్లు. అన్నాళ్ళూ సాలమ్మ ఒక్కతే, తోడు ఒక కుంటి గొర్రె.

ఈసారి బయలుదేరే ముందు ఇద్దరికీ పెద్ద లొల్లి అయింది. ‘నన్ను గూడ తీస్కపో’ అని ఆమె. ‘పొలాల పొంటి ఆడమనిషివి నువ్వేడ పంటవ్’ అని అతను. మాటా మాటా పెరిగి, ‘నీకు గొర్లే పెండ్లాం. వాటితోనే సంసారం చేస్కపో, నాతోని మాట్లాడకు’ అనేసింది సాలమ్మ.  మర్నాడు ఎల్లయ్య సూర్యాపేట పోయి సిమ్ము చిప్పు లేని ఫోను ఒకటి కొనుక్కొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ‘నేను రూపాయి ఫోను డబ్బాల కెల్లి చేస్త, నువ్వు పలుకు’ అన్నాడు. మందతో వెళ్ళిపోయాడు.

ఫోను మోగేది. ఎత్తితే ఎల్లయ్య గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టే వినబడేది. ఈమె గొంతు మాత్రం అటు పోయేది కాదు! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఈమె అరుస్తూనే ఉండేది, అతను ‘ఇంకా కోపమేనా సాలమ్మా, పలుకవా?’ అని అడిగి అడిగి రూపాయి అయిపోగానే ఆగిపోయేవాడు. ఆ నంబరుకు ఊళ్ళోని బూతు నుంచి తిరిగి చేస్తే, ఏ హోటలాయనో ఎత్తి ‘గొర్లు ఎల్లిపోయినయమ్మా’ అనేవాడు. చిప్పు తీసి ఇంకో ఫోన్లో వేసుకుందామంటే అది చిప్పు లేని ఫోనాయె. నంబరంతా దాని కడుపులోనే ఉంటుంది.

ఇక దుకాణం సంగతి. ప్రేమ్‌కుమార్ ఫోను తీసుకుని ముందు సర్వీసుకు పంపాలన్నాడు. తరువాత నీళ్ళు పోయాయన్నాడు. తరువాత వచ్చే వారం అన్నాడు. ఆ వచ్చే వారం ఎన్నడూ రాలేదు. చివరికి కోదాడ సర్వీసు సెంటర్లో ఉందన్నాడు. సాలమ్మ కూలి పని మానుకుని కోదాడ పోయింది. అక్కడివాళ్ళు వెతికి వెతికి, ‘మీ ఫోను మాకు రాలేదమ్మా, అసలెన్నడూ రాలేదు’ అన్నారు. ఆ మాట మూటగట్టుకునే ఇప్పుడు వస్తోంది.

దుకాణంలో ప్రేమ్‌కుమార్ ఒక్కడే ఉన్నాడు. కోదాడ మనిషి. నలభై దాటలేదు గాని కళ్ళ కింద నలుపు. అద్దాల బల్ల వెనక కూర్చుని టీ తాగుతున్నాడు.

“నా ఫోనేది సేటూ?”

“చెప్పా కదమ్మా, కోదాడలో...”

“నేను కోదాడ కెల్లే వస్తున్న.”

టీ గ్లాసు నోటి దగ్గర ఆగింది. అబద్ధం చెప్పేవాడికి జ్ఞాపకశక్తి ఉండాలంటారు. దానితోపాటు, ఆత్మకూరు మనిషి బస్సెక్కి కోదాడ పోదులే అన్న ధీమా ఉండకూడదు. ప్రేమ్‌కుమార్‌కు మొదటిది లేదు, రెండోది బాగా ఉంది.

“అక్కడి కుర్రాళ్ళు కొత్తవాళ్ళమ్మా, వాళ్ళకు తెలీదు. నేను ఫోన్ చేసి కనుక్కుంటా. మీరు వచ్చే వారం...”

“రాను. వచ్చే వారం రాను, ఆపై వారం రాను. ఇయ్యాల నా ఫోను నా చేతికొస్తేనే లేస్త.”

అని, దుకాణం గడప మీద అడ్డంగా కూర్చుంది సాలమ్మ.

గడప మీద కూర్చున్న ఆడమనిషిని దాటుకుని లోపలికి ఎవరు పోతారు చెప్పండి? రీచార్జికి వచ్చినవాడు ఆగాడు. వాడిని చూసి ఇంకొకడు ఆగాడు. పక్క టీ హోటలు సైదయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గడియలో దుకాణం ముందర మంది పోగయ్యారు.

“ఏందక్కా, ఏమైంది?” అన్నాడు సైదయ్య.

“ఏమైంటది? ఫోను బాగు చెయ్యమని ఇస్తిని. నెల దాటిపాయె. గాడుంది గీడుంది అని తిప్పుతుండు. కోదాడల లేదు, ఐదరాబాదుల లేదు. మా ఇంటాయన గాడ కాలువల పొంటి తిరుగుకుంట, నేను పలుకుతలేనని...”  నలుగురిలో ఏడవకూడదని పొద్దున్నే ఒట్టు పెట్టుకుని బయలుదేరిన మనిషి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇదేం పద్ధతి ప్రేమన్నా?” అన్నాడు సైదయ్య. “బాగు చెయ్యవు, తిరిగియ్యవు. అమ్మ పెట్టా పెట్టది, అడుక్కతినా తిననియ్యది అన్నట్టున్నది నీ యవ్వారం.”

ప్రేమ్‌కుమార్ ముఖం ఎర్రబడింది. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. చివరికి తన కుర్చీ పక్క సొరుగు లాగి, అందులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

సాలమ్మ లేచి నిలబడింది. “గీ సొరుగులనేనా? నేను వచ్చినప్పుడల్లా నీ మోకాలి కాడనే ఉన్నదా నా ఫోను?”

“పంపడం కుదర్లేదమ్మా. పంపినా లాభం లేదు, నీళ్ళు పోయిన ఫోనది. మీరు నీళ్ళలో వేసి నన్ను దొంగను చేస్తే ఎట్లా? సరే, ఇంతమంది ముందర విప్పుతా. నీళ్ళని తేలితే ఏమంటారు?”

“తేలితే మల్లా నీ గడప తొక్క. తేలకపోతే కొత్త ఫోనియ్యాలె. గీ అన్న సాచ్చికం.”

చిన్న మరమేకులు ఒక్కొక్కటీ ఊడదీసి, గోటితో అంచు లేపాడు ప్రేమ్‌కుమార్. పై డొల్ల విడిపోయింది.

లోపల పచ్చగా ఉంది.

నీళ్ళ మరక కాదు, తుప్పు కాదు, నిండు పసుపు. ఆముదంతో కలిసి బంకలా సాగి, ఎండి, పొర మీద పొరగా గట్టిపడి ఉంది. కింది అంచు దగ్గర సూది మొనంత కన్నం ఉండాల్సిన చోట బఠాణీ గింజంత పసుపు ముద్ద కూర్చుని ఉంది. దుకాణమంతా శుక్రవారం నాటి గడప వాసన కమ్మింది.

“ఇదేంటమ్మా?” అన్నాడు ప్రేమ్‌కుమార్. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

సైదయ్యకు అయింది. “ఓర్నీ! పసుపు! ఫోనుకు పేరంటం చేసినవా అక్కా?”

అంతే, గొల్లుమన్నారు. “ఒడిబియ్యం గూడ పోసినవా?” అని వెనక నుంచి ఒకడు. “సీర పెట్టకపోయినవ్!” అని ఇంకొకడు. నవ్వీ నవ్వీ ఒకాయన స్తంభం పట్టుకున్నాడు.

నవ్వండి, మీదేం పోయింది? కొత్త బండి కొని చక్రం కింద నిమ్మకాయ తొక్కించినవాళ్ళు మీలో ఎందరు లేరు? వాటర్ పంపుకు బొట్టు పెట్టనివాళ్ళు, కొడవలికి దండం పెట్టనివాళ్ళు ముందుకు వచ్చి నవ్వమనండి చూద్దాం. సాలమ్మ ఇంట్లో కొత్తగా అడుగుపెట్టిన ప్రతిదానికీ పసుపూ బొట్టూ ఉండాల్సిందే, అది అత్త నేర్పిన పద్ధతి. అందునా ఇది పెనిమిటి గొంతు మోసుకొచ్చే వస్తువాయె. గడపకు పెట్టినట్టే ఆముదంలో పసుపు కలిపి, చిక్కగా పెట్టింది. ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించే పెట్టింది. ఫోను అడుగున ఆ చిన్న కన్నం చూసి, ఎల్లయ్య గొంతు అందులోంచే వస్తుంది కాబోలనుకుంది. అతని మాట వచ్చే చోటికి పూజ జరగాలి కదా. మొదటి రోజూ అక్కడే పెట్టింది, ఆ తరువాత ప్రతి శుక్రవారం తలంటుకుని మళ్ళీ అక్కడే పెట్టింది. అతను ‘పలుకవా’ అని అడిగిన వారమైతే ఇంకాస్త ఎక్కువే పెట్టింది.

“గా కన్నం దేనిది సేటూ?” అని అడిగింది మెల్లగా.

“మీరు మాట్లాడింది అటు పోయేది అందులోంచేనమ్మా.”

సాలమ్మ కాసేపు దాన్నే చూసింది. జనం నవ్వులు ఆమెకు వినబడడం లేదు.

“అయితే నేనే మూసిన్నా?” అంది.

సిగ్గేసింది.  మొగుడు చల్లగా ఉండాలని పెట్టిన పసుపు, ఇద్దరి మధ్యా గోడ కట్టింది! ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి? ఇంటికి పోయి కుంటి గొర్రెతో చెప్పుకోవాల్సిందే.

నీళ్ళు కాకపోయినా తప్పు ఆమెదేనని తేలింది కాబట్టి, గెలిచినవాడు ప్రేమ్‌కుమార్. ఇంకొకడైతే ఆ పసుపు ముద్దను పది మందికీ చూపించి తన దుకాణం పరువు నిలబెట్టుకునేవాడు. అతను మాత్రం నవ్వలేదు. “అయిపోయింది కదా, ఇంక కదలండయ్యా” అని జనాన్ని కసిరాడు. సైదయ్య కూడా నాలుక కరుచుకుని, “ఏమనుకోకక్కా” అంటూ పోయాడు. ప్రేమ్‌కుమార్ సూదితో, దూదితో ఆ పసుపంతా ఓపికగా గీకి తీశాడు. స్పిరిటుతో తుడిచాడు. మళ్ళీ బిగించి ఆమె చేతికిచ్చి, దుకాణం ల్యాండు ఫోనులోంచి ఆమె నంబరు నొక్కి, రిసీవరు తీగ లాక్కుంటూ లోపలి గదిలోకి పోయాడు.

సాలమ్మ చేతిలో ఫోను మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

“మాట్లాడమ్మా, వినబడుతుందేమో చూస్తా.”

ఏం మాట్లాడాలి? ఇన్ని నెలలు అరిచి అరిచి అలిసిన నోరు. తీరా అవతల వినే మనిషి ఉన్నాడనగానే మాట పెగల్లేదు.

“ఏదో ఒకటి అనమ్మా.”

“నేను ఊకె లేను” అంది సాలమ్మ. “ఫోనెత్తినప్పుడల్లా మాట్లాడుతనే ఉన్న. ఒక్కనాడు గూడ ఊకోలె.”

లోపలి గదిలో ప్రేమ్‌కుమార్ రిసీవరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.  కాసేపటికి బయటికి వచ్చి, “వినబడింది” అన్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేదు.

సాలమ్మ ఫోనును కొంగున ముడేసుకుని గడప దిక్కు కదిలింది. కొత్త ఫోను అడిగే మొహం లేదు. ఆత్మకూరు బస్సు దొరికితే చాలు.

“అమ్మా, ఆగండి. ఇప్పుడు పోకండి.”

“ఇంకేముంది సేటూ?”

“దారిలో సిగ్నలు ఉండదు. మీ ఆయన ఇవాళ ఫోను చేస్తాడు.”

సాలమ్మ కాలు గడప దగ్గరే ఆగింది. “నీకెట్ల ఎరుక?”

ప్రేమ్‌కుమార్ బల్ల మీది అద్దాన్ని అరచేత్తో తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

“మొదటి వారం పంపడం మర్చిపోయానమ్మా. ఆ మాట నిజం. ఒకరోజు దుకాణం కట్టే వేళకు సొరుగులో ఫోను మోగింది. ఎత్తి హలో అన్నా. ఆయనకు వినబడలేదు. మీరే ఎత్తారనుకుని మాట్లాడుకుంటూ పోయాడు. పెట్టేద్దామనుకున్నా... పెట్టలేకపోయా. మర్నాడు మళ్ళీ చేశాడు. ఆ తరువాత చార్జింగు పెట్టి ఉంచా. సర్వీసుకు పంపితే ఇక మోగదు కదా అని పంపలేదు.”

సాలమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు భగ్గుమంది.

“నా మొగడు నాతోని చెప్పుకునే మాటలు నువ్వెట్ల ఇంటవ్ సేటూ? అవి నావి గదా! మంది విస్తరి ముందర కూసోని తిన్నట్టు గాలేదా నీకు? నేను వచ్చినప్పుడు ఒక్క మాట, ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుండె?”

“ఎట్లా చెప్పను? మీ ఆయన మీకోసం ఏడ్చింది నేను విన్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?” ప్రేమ్‌కుమార్ గొంతు తగ్గింది. “ఒకసారి ఆ నంబరుకు తిరిగి చేశా. ఎవరో ఎత్తి గొర్రెలాయన వెళ్ళిపోయాడన్నాడు. మా శోభ పుట్టింటికి పోయి ఏడాదైంది. మాదీ ఇట్లాంటి మాట పట్టింపే. ఈ దుకాణంలో ఇన్ని ఫోన్లున్నాయా, నా కోసం ఒక్కటీ మోగదమ్మా. మీ ఆయన చేస్తే... నన్నే ఎవరో అడుగుతున్నట్టుండేది, ఎట్లున్నావ్, తిన్నావా అని.”

చెప్పు తీసుకుందామన్నంత కోపం వచ్చింది సాలమ్మకు. ఆ కోపం ఆ మనిషి ముఖం చూసేసరికి ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. ఒంటరి మనిషిని ఒంటరి మనిషి ఇట్టే గుర్తుపడుతుంది, అదొక ఖర్మ. స్టూలు లాక్కుని కూర్చుంది.

“చెప్పు. ఏమేమన్నడో అన్నీ చెప్పు. ఒక్కటి మింగినవో, నీ దుకాణం ఉండదు.”

ప్రేమ్‌కుమార్ చెప్పసాగాడు. ఎల్లయ్య మాటలు కోదాడ యాసలో!

“కుంటిదాని కాలు ఎట్లా ఉంది, గడ్డి తింటుందా లేదా అన్నాడు.”

“గట్లనడు” అంది సాలమ్మ. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. “కుంటిది ఎట్లున్నది? గడ్డి తింటున్నదా? అంటడు.”

“కాలువ నీళ్ళు చల్లగా ఉన్నాయి, నువ్వుంటే కాళ్ళు పెట్టుకుని కూర్చునేదానివి అన్నాడు.”

“కాలువ నీళ్ళు సల్లగున్నయ్... నువ్వుంటే కాళ్ళు పెట్టుకోని కూసుందువు.”

“వాన పడ్డ రోజు, గొంగళి కింద ఒక్కడికే చోటు ఎక్కువైంది అన్నాడు.”

ఈసారి సాలమ్మ ఆ మాటను తిరిగి అనలేకపోయింది.  కొంగుతో ముఖం కప్పుకుంది. ప్రేమ్‌కుమార్ లేచి ఫ్యాను పెంచాడు, అంతకంటే ఏం చేయాలో అతనికి తెలియలేదు.

“నిన్ను తీసుకురాకపోవడం నాదే తప్పు, మళ్ళా ఏడాది ఇద్దరం పోదాం అన్నాడు. అది చాలాసార్లు అన్నాడు. మొన్న మాత్రం...”

“మొన్న?”

“మొన్న గొంతు వేరేగా ఉందమ్మా.”

“చెప్పు సేటూ.”

“గొర్లే నీ పెండ్లాం అన్నావు కదా, ఆ పెండ్లాన్ని అమ్మేస్తున్నా అన్నాడు. ఎల్లుండి మిర్యాలగూడ బేరగాడు త్రిపురారం దగ్గరికి లారీ తెస్తాడంట. పొద్దు వాలగానే ఎక్కిస్తారంట. లారీ కదిలే ముందు ఆఖరుసారి చేస్తా, నువ్వు పలికితే బేరం వద్దంటా, పలక్కపోతే కూలికి మేస్త్రీ వెంట బొంబాయి పోతా, నీకు నా పీడ ఖతం... అన్నాడు.”

“ఎల్లుండంటే?”

“ఇవాళేనమ్మా.”

సాలమ్మ గోడ గడియారం వంక చూసింది. టైము చూడడం ఆమెకు రాదు. వీధిలోకి చూసింది. ఎదురు దుకాణం నీడ అప్పుడే రోడ్డు మధ్యకు వచ్చింది. పొద్దు వాలుతోంది.

ఆ మందలో సగం గొర్రెలు ఆమె చేతిలో పుట్టినవే. తల్లి చచ్చిన పిల్లలకు సీసాతో పాలు పట్టి పెంచింది. కోపంలో అనకూడని మాట ఒకటి జారింది గాని, మంద లేని ఎల్లయ్యను ఆమె ఎరుగదు. ఎల్లయ్య లేని ఇల్లు ఎట్లా ఉంటుందో మాత్రం ఈ నెలల్లో బాగా తెలిసింది. తెల్లారి లేచి ఒక్కదానికే పొయ్యి వెలిగించడం, వండిన కూర ఎట్లుందో చెప్పే నోరు లేకపోవడం, పలకరింపు కోసం గొర్రెను పలకరించడం. తొలకరికి వస్తాడన్న ఆశ ఒక్కటే ఆ ఇంటి కప్పును నిలబెట్టింది. బొంబాయి పోయినవాడికి తొలకరి ఏముంటుంది?

ఫోను బల్ల మీద పెట్టి ఇద్దరూ చెరో వైపు కూర్చున్నారు. ఎవరో రీచార్జి అని వస్తే ప్రేమ్‌కుమార్ చేయి ఊపి పంపేశాడు. సైదయ్య రెండు టీలు తెచ్చి, ఏమీ అడగకుండా పెట్టి పోయాడు. టీ మీద మీగడ కట్టింది.

మోగింది.

ప్రేమ్‌కుమార్ గభాలున లేచాడు. “ఈసారి నేను విననమ్మా” అని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పోయి, దుకాణానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

సాలమ్మ బొత్తాం నొక్కింది.

“సాలమ్మా, నేనే” అన్నాడు ఎల్లయ్య. ఆగలేదు. ఆగి జవాబు వినే అలవాటు అతనికి ఎన్నడో పోయింది. వెనక లారీ ఇంజను గురగురమంటోంది, గొర్రెలు అరుస్తున్నాయి. “లారీ వచ్చింది. అన్నీ ఎక్కినయ్. పోతుమూతి గొర్రె ఎక్కనని మొరాయించింది, నేనే ఎత్తి లోపలేసిన...”

“ఏమయ్యో, నేను ఇంటున్న! ఇగో, ఇను!” అని అరిచింది సాలమ్మ.

“...దాని మొఖం సూడలేకపోయిన. మంచిది, ఇగ నీకు నా గోస ఉండది. ఇల్లు పైలం. కుంటిదాన్ని ఎవ్వరికి అమ్మకు...”

“అయ్యో, ఇనవయ్యా! పలుకుతున్న గదా!”

అతనికి వినబడుతోందో లేదో! లారీ రొద అతని చెవిలో, పలకదన్న నమ్మకం అతని మనసులో. ఏమయ్యో అనీ, ఇగో అనీ ఊళ్ళో ప్రతి ఆడదీ ప్రతి మొగుణ్ణీ పిలుస్తుంది. అందులో తన పెండ్లాం గొంతును ఏరుకోవడానికి అతనికి తీరికేదీ? రూపాయి ఎంతసేపు మాట్లాడనిస్తుంది?

మొగుడి పేరు నోటితో అనకూడదు. అంటే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ చెప్పింది, అత్త చెప్పింది. ఫోను ఇచ్చిన నాడు చీటీ రాస్తూ ప్రేమ్‌కుమార్ మీ ఆయన పేరేంటని అడిగితే కూడా, బిల్లు మీదుంది సదువుకో అందే గాని నోరు విప్పలేదు. పెండ్లయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నాలుక మీదికి రాలేదు.

కొంగు నడుముకు దోపి, ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుని, పసుపు గీకిన ఆ చిన్న కన్నంలోకి, బలం కొద్దీ అరిచింది.

“ఎల్లయ్యా!”

వీధిలో ప్రేమ్‌కుమార్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. సైదయ్య హోటల్లో ఒకరిద్దరు తలలెత్తారు.

అటు మాట ఆగిపోయింది. మధ్యలో తెగినట్టు ఆగింది. ఊపిరి ఒక్కటే వినబడుతోంది, గసపెట్టినట్టు.

“ఎల్లయ్యా, అమ్మకు. నేను పలుకుతనే ఉన్న. మొదటి నుంచి పలుకుతనే ఉన్న. మందను అమ్మకు, ఇంటికి రా. ఇనబడుతున్నదా? ఒక్క మాట అను!”

ఊపిరి. లారీ హారను. గొర్రెల అరుపులు. తరువాత కుయ్ మని చప్పుడు. రూపాయి అయిపోయింది.

“సేటూ! గిదే నంబరు, మల్లా కొట్టు, జల్ది కొట్టు!”

ప్రేమ్‌కుమార్ పరిగెత్తుకొచ్చి ఆ ఫోనులోంచే నంబరు నొక్కి ఆమె చెవికి పెట్టాడు. మోగింది. మోగుతూనే ఉంది. చివరికి ఎవరో ఎత్తారు.

“హలో, ఎవరు కావాలె?”

“అన్నా, గిప్పుడు గీ డబ్బా కెల్లి మాట్లాడిన ఆయన... గొర్లాయన...”

“ఆయననా? ఫోను ఏలాడేసి ఉరికిండమ్మా. నేనే తీసి పెట్టిన. ఏం చెప్పినవ్ తల్లీ, మనిషి ఏడ్సుకుంట నవ్వుకుంట ఉరికిండు!”

సాలమ్మ గుండె నిండింది. విన్నాడు. తన మాట విన్నాడు!

“ఎటు దిక్కు ఉరికిండన్నా?”

“లారీ అప్పుడే కదిలింది గదా, దాని ఎన్కనే. కాలువ కట్ట మీదికెల్లి అడ్డం పోతుండు, సేతులూపుకుంట. ఆపురో అని మొత్తుకుంటుండు... డ్రైవరు సూస్తలేడు. అరె... అరె, ఓ పెద్దమనిషీ! ముందలికి పోకు! పక్కకు జరుగు! పక్కకు...”

ఫోను దేనికో తగిలి టంగుమంది. ఆ మనిషి దాన్ని వదిలేసి పరిగెత్తినట్టున్నాడు. దూరంగా బ్రేకులు కీచుమన్న చప్పుడు. ఆ వెనక గొర్రెలన్నీ ఒక్కసారి అరిచాయి. మనుషుల కేకలు.

“అన్నా! ఏమైందన్నా? హలో! ఎల్లయ్యా!”

ఫోను ఇప్పుడు బాగానే పని చేస్తోంది. సాలమ్మ ప్రతి మాటా త్రిపురారం దాకా పోతోంది. తీగకు వేలాడుతున్న ఆ రిసీవరు దగ్గర వినేవాళ్ళే లేరు.